అల్లూరు చెరువు, అల్లూరు రోడ్డు

అల్లూరుకు రైలు స్టేషను ఉంది. దాని పేరు అల్లూరు రోడ్డు. రైలు ఊళ్లోకి రాలేదని ఆ పేరే చెబుతుంది. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలుదారి కలిసేదాకా ఈ తీరం సరుకుకు బకింగ్‌హాం కాలువ పడవలే దిక్కు. ఉప్పు, వడ్లు, కట్టెలు అన్నీ ఆ దారినే మద్రాసు చేరేవి. రైలొచ్చాక పడవల బేరం సన్నగిల్లింది. పక్కనున్న బిట్రగుంట ఆవిరి ఇంజన్ల షెడ్డుతో పెద్ద రైల్వే ఊరైంది. 1980 తొలినాళ్లలో ఈ దారికి కరెంటు తీగలు వచ్చాయి. ఆవిరి ఇంజన్లు పోయాయి, ఆ ఊరి సందడీ తగ్గింది.

అల్లూరుకు ఆ గతి పట్టలేదంటే చెరువూ కాలువలూ ఉండబట్టే. సంగం దగ్గర మళ్లిన పెన్న నీళ్లు కనిగిరి రిజర్వాయరు మీదుగా మన మడులకు రావాలి. 2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ప్రారంభమయ్యాయి. సంతోషమే. కానీ గేట్లు కొత్తవి, కాలువలో పూడిక మాత్రం పాతదే. చివరి భూముల రైతు ఇప్పటికీ రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కాస్తున్నాడు. నీళ్లందని చోట వరి మానుకొని రొయ్యల గుంట తవ్విన రైతును మేము తప్పు పట్టం, అతనూ మనవాడే. అయితే ఆ గుంట ఉప్పునీరు పక్క మడిలోకి ఊరితే అక్కడ వరి పండదు. గుంటలకు అనుమతులిచ్చేవాళ్లు ఈ మాట పట్టించుకోవాలి.

ఇక ధర. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. 2025–26కు సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. లెక్క కడితే పుట్టికి 20,136 రూపాయలు దాటుతుంది. కళ్లంలో దళారి చెప్పే రేటును ఈ అంకె పక్కన పెట్టి చూడండి. తేమ పేరు చెప్పి పుట్టికి అదనంగా తూచుకునే కిలోలను కూడా కలపండి. తేమ 17 శాతం లోపుంటే తరుగు అడిగే హక్కు ఎవరికీ లేదు.

కోతలు మొదలయ్యాక కొనుగోలు కేంద్రం తెరిస్తే వడ్లు అప్పటికే దళారి లారీ ఎక్కేసి ఉంటాయి. కోతలకు ముందే తెరవాలి. ఎడగారుకు నీళ్లు వదిలేలోపు కాలువల పూడిక తీయాలి. ఈ రెండింటి మీద అర్జీలు సిద్ధం చేస్తున్నాం. మీ కాలువ పేరు, తూము, నీళ్లందని ఎకరాలు రాసి సంఘానికి పంపండి. ఈసారి వడ్లు అమ్మేటప్పుడు పుట్టికి ఎన్ని కిలోలు తూచారో చీటీ మీద రాయించుకుని, ఆ చీటీ కూడా జత చేయండి.