నిర్వహణ వాహిని: పనికి ముందు పత్రం

కొత్త ప్రాజెక్టు మంజూరైనదన్న వార్త అందగానే మన కార్యాలయాలలో మొదట వినిపించే ప్రశ్న "పని ఎప్పుడు మొదలు?" అన్నదే. "పత్రాలు ఎవరు సిద్ధం చేస్తున్నారు?" అని అడిగేవారు అరుదు. పత్రరచన గుమాస్తా పని అన్న చులకన భావమే ఇందుకు కారణం. అది ఎంత పొరపాటో ఖరగ్‌పూర్ అనుభవం చెబుతుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు అది. 2017 నవంబరులో అక్కడి యార్డులో పాత రిలే ఇంటర్‌లాకింగ్ స్థానంలో ఎలక్ట్రానిక్ వ్యవస్థ వచ్చినది. 423గా ఉన్న రూట్లు 800 అయినవి. ఒక సిగ్నల్ దాటిన బండి పోదగిన ఒక్కొక్క దారినీ ఒక్కొక్క రూటుగా లెక్కిస్తారు. ఇటువంటి పనికి సిగ్నల్ ఇంటర్‌లాకింగ్ ప్లాను ఆధారం. దాని ననుసరించి కంట్రోల్ టేబులు తయారవుతుంది. ఈ దారికి ఏ పాయింట్లు ఎటు తిరిగి ఉండవలెను, ఏ ట్రాకులు ఖాళీగా ఉండవలెను, మరి ఏ దారులు మూసుకొని ఉండవలెను అన్నది రూటు రూటుకూ అందులో వ్రాసి ఉంటుంది. ఖర్చు విషయంలోనూ అంతే. తొలుత స్థూల అంచనా, తరువాత వివరమైన అంచనా. మంజూరైన పని స్వరూపం గణనీయంగా మారితే, దానిని 'మెటీరియల్ మోడిఫికేషన్'గా భావించి, మంజూరు చేసిన అధికారి వద్దకే తిరిగి పోవలెను. విసుగు పుట్టించే నియమమే, సందేహం లేదు.

అదే ఖరగ్‌పూర్ డివిజనులో, బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషనులో 2023 జూన్ 2న కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులో నిలిచి ఉన్న గూడ్సు బండిని ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. మెయిన్ లైనుకు ఆకుపచ్చ సిగ్నల్ ఉన్నది. పాయింట్లు మాత్రం లూప్ వైపు తిరిగి ఉన్నవి. పూర్వం జరిగిన సర్క్యూట్ మార్పులోను, 94వ నంబరు గేటు వద్ద విద్యుత్ బ్యారియర్ మార్చే పనిలోను జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చినది. ఆ గేటు పనికి ఆ స్టేషనుకే ప్రత్యేకించి ఆమోదించిన సర్క్యూట్ చిత్రం ఇవ్వకపోవడం తప్పని నివేదిక పేర్కొన్నది. యార్డు మొత్తంతో పోల్చితే గేటు మార్పు చిన్న పని. చిన్న పనికి ఇన్ని కాగితాలెందుకని మనమూ అంటూనే ఉంటాము కదా!

ప్రాజెక్టు చార్టర్‌లో లక్ష్యం, వ్యయం, గడువు ఎటూ ఉంటాయి. వ్రాయుటకు కష్టమైనది "ఇది ఈ పనిలో భాగం కాదు" అన్న వాక్యం. ఏ శాఖ మనసునూ నొప్పించరాదన్న మొహమాటంతో దానిని వదలివేస్తాము. ఆరు నెలలకు ప్రతి శాఖా తన కోరికను చేర్చుతుంది. రెండవది, మార్పును ఆమోదించే అధికారి ఎవరన్నది. హోదాతో సహా వ్రాయవలెను. "సంబంధిత అధికారులు" అంటే ఎవరూ కారు. మూడవది, పని ముగిసిన పిదప వాస్తవ స్థితిని చూపే చిత్రపటం. దానికి కావలసిన మొత్తాన్ని, మనుషులను మొదటి అంచనాలోనే చేర్చవలెను. సరిచూసి, తేదీ వేసి, సంతకాలు చేసిన ఆ ప్రతి నిర్వహణ సిబ్బంది చేతికి అందిన తరువాతనే గుత్తేదారు చివరి బిల్లు కదలవలెనని చార్టర్‌లోనే షరతు పెట్టవచ్చును.