వసతి చిరునామా లేని ఒప్పందమునకు అనుమతి ఈయరాదు



జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండియు, కడప, రాజంపేట, రాయచోటి పరిసర గ్రామములనుండియు, కోనసీమ లంకలనుండియు గల్ఫు దేశములకు పొట్ట చేతబట్టుకొని పోవు మనవారు ప్రయాణమునకు ముందు ఏజెంటునడుగు ప్రశ్నలు సాధారణముగా రెండే: జీతమెంత, వీసాకు ఖర్చెంత. పగలంతయు ఎండలో పనిచేసి వచ్చిన మనిషి రాత్రి ఎచ్చట తల వాల్చవలెను, ఆ గదిలో ఇంకెందరుందురు, నిప్పంటుకొన్నచో బయటపడుటకు త్రోవ యేది అను ప్రశ్నలు, విమానము దిగి, క్యాంపు బస్సెక్కి, తన మంచమును తాను కన్నులార చూచుకొనువరకు అతనికి తోచనే తోచవు. తోచిన పిమ్మట అడుగుటకు వేళ మించిపోవును. పాస్‌పోర్టు తరచుగా పరుల చేతిలో నుండును, ఇంటికడ అప్పు పెరుగుచుండును.

ఈ దుస్థితి మారుటకు మేము కోరునది ఒక్కటే. పనికై గల్ఫునకు పోవు ప్రతి కార్మికుని ఒప్పందపత్రముతో పాటు, అతడుండబోవు వసతి చిరునామా, గది వైశాల్యము, ఆ గదిలో పడుకొనువారి సంఖ్య, స్నానపుగదులెన్ని, వంటకు తావెక్కడ, అగ్నిప్రమాదము వచ్చినపుడు బయటపడు మార్గములేవి, ఇవన్నియు తెలుగులో వ్రాయించి యజమాని సంతకము చేసిన వసతిపత్రము జతపరుపవలెను; అది లేనిదే మన వలసదారుల సంరక్షణాధికారి అనుమతి ఈయరాదు.

1983 నాటి వలస చట్టము క్రింద ఏర్పడిన నియమములు, ఒప్పందములో భోజనమో భోజనభత్యమో ఉండవలెననియు, ఉచితవసతి ఉండవలెననియు చెప్పుచున్నవి. సంతోషమే. కాని ఆ వసతి యెట్టిదన్న విషయమున మనవారి చేతికి వచ్చు పత్రములు మౌనము వహించుచున్నవి. జీతమునకు అంకె యున్నది, పనిగంటలకు అంకె యున్నది, ఒప్పందకాలమునకు అంకె యున్నది. మనిషి పని విడిచి వచ్చి తెల్లవారువరకు గడుపవలసిన చోటునకు మాత్రము అంకె లేదు. అంకె లేనిచోట ఫిర్యాదునకును ఆధారము లేదు. పదునారుగురిని ఒక్క గదిలో కుక్కిన యజమానిని ప్రశ్నింపబోయిన కార్మికునకు, "వసతి ఇచ్చితిమి కదా" అను సమాధానము సిద్ధముగా నుండును.

దుబాయిలోని సోనాపూర్, అబుదాబిలోని ముసఫ్ఫా, దోహాలోని ఇండస్ట్రియల్ ఏరియా, కువైటులోని హసావి, ఈ పేర్లు మన పల్లెలలో బస్సుస్టాండుల పేర్లవలె నోట నానుచున్నవి. అచ్చటి గదులలో కొన్ని శుభ్రముగను, విశాలముగను ఉన్నమాట నిజమే. అట్టి యజమానులు గౌరవింపదగినవారు. కాని తక్కినవాని లోపలికి పోయి చూడుడు. ఒకదానిపై నొకటిగా నిలిపిన ఇనుపమంచములు. క్రింది మంచము దొరికినవాడు పై మంచమునుండి దుప్పటి వ్రేలాడదీసి, దానినే గోడగా భావించి, ఆ చాటున ఇంటివారితో ఫోనులో మాటలాడుకొనును. మంచము క్రింద సూట్‌కేసు, దాని ప్రక్క బియ్యపుసంచి, తలాపున పచ్చడిసీసా. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు కన్ను మూయు వేళకు పగటి షిఫ్టువాడు దీపము వేయును. తెల్లవారకమునుపే స్నానపుగదికడ వరుస కట్టవలెను, ఏలయన బస్సు ఎవ్వరికొరకును ఆగదు. వేసవిలో మేడమీది తొట్టినీరు ఒంటిపై పోసికొనరానంత వేడెక్కుటచే, రాత్రియే బకెట్లలో పట్టి చల్లార్చుకొందురు. ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నరనుండి మూడింటివరకు ఎండలో పని చేయించుటను చట్టము నిషేధించినది, మంచి చట్టమే. అయినను ఏసీ చెడిపోయి, నల్లులు పట్టిన గదిలో రాత్రి నిద్ర లేని శరీరమునకు ఆ మధ్యాహ్నపు విశ్రాంతి యేపాటి?

ఇది కేవలము సుఖమునకు సంబంధించిన మాట కాదు. 2024 జూన్ 12వ తేదీ తెల్లవారుజామున కువైటులోని మంగాఫ్‌లో, దాదాపు రెండువందలమంది కార్మికులు నివసించుచున్న ఒక భవనములో నిప్పు పుట్టెను. చనిపోయినవారిలో నలువదిమందికి మించి భారతీయులు. అందు ఆంధ్రప్రదేశమువారు మువ్వురు. క్రింది అంతస్తులోని కావలివాని గదిలో విద్యుత్తు వలన మంట లేచినదనియు, గదులను విభజించుటకు తేలికగా మండు పదార్థములతో అడ్డుగోడలు కట్టిరనియు, మేడపైకి పోవు తలుపునకు తాళము వేసియుండెననియు ఆ దేశపు అగ్నిమాపక అధికారులే తెలిపిరి. ఆ అడ్డుగోడలు ఒక్కనాట మొలచినవి కావు. ఆ తాళము ఆ రాత్రియే పడినది కాదు. పరీక్షించువాడొకడు ముందుగా వచ్చి చూచియుండినచో, ఈ రెంటిని కనుగొనుటకు పూట చాలును.

ఆ దేశములలో నియమములు లేవా అని అడుగుదురేమో. ఉన్నవి. ఎమిరేట్లలో కార్మికుడొకనికి కనీసము 3 చదరపు మీటర్ల చోటుండవలెను. కతార్‌లో 6 చదరపు మీటర్లు, గదికి నలుగురికి మించరాదు. సింగపూరును చూడుడు: 2020లో మహమ్మారి ప్రబలినపుడు వ్యాధి అత్యధికముగా వలసకార్మికుల డార్మిటరీలలోనే వ్యాపించెను; మరుసటి సంవత్సరమున ఆ ప్రభుత్వము, కొత్తగా కట్టు డార్మిటరీలలో గదికి పన్నెండుగురికి మించరాదనియు, మనిషికి కనీసము 4.2 చదరపు మీటర్లు ఉండవలెననియు ప్రమాణములు ప్రకటించెను. అనగా చేయదలచినచో చేయవచ్చును. కాని గల్ఫు దేశముల నియమము అచ్చటి గెజిటులో నున్నది. ఆ నియమము తనకు వర్తించునని మన కార్మికునకు తెలియదు, తెలిసినను అతని చేతిలో కాగితము లేదు. మేమడుగు వసతిపత్రము ఆ కాగితమే.

ఈ భారమును కార్మికుని మీదనే ఏల మోపరాదని కొందరందురు: చూచుకొని పోవలసినది అతడే కదా! నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, భార్య పుస్తెలు కుదువబెట్టి బయలుదేరినవానికి బేరమాడు శక్తి యెక్కడిది? గది ఇరుకని తిరిగివచ్చినచో ఊరిలో మొగము చెల్లదు. అప్పులవాడు గుమ్మమున కూర్చుండును. ఆకలిగొన్నవాడు వడ్డించిన అన్నమును పరీక్షింపజాలడు. కావుననే ఈ పరీక్ష అతడు విమానమెక్కక మునుపు, అతని పక్షమున ప్రభుత్వమే చేయవలసియున్నది.

పరదేశపు యజమానిని మనమెట్లు నిర్బంధింపగలము, కఠినముగా నున్నచో ఉద్యోగములు నేపాలీయులకో బంగ్లాదేశీయులకో పోవును గదా, అను ఆక్షేపము మరియొకటి. కార్మికుల కనీసవేతనములను దేశమువారీగా మన ప్రభుత్వమే నిర్ణయించుచున్నది గదా. వేతనమునకు చెల్లిన న్యాయము వసతికేల చెల్లదు? 2020లో ఆ కనీసవేతనములను తగ్గించినపుడు, గల్ఫు కార్మికులకొరకు పాటుపడువారు ఊరకుండలేదు. విషయము తెలంగాణ హైకోర్టునకు చేరెను. 2021లో ఆ తగ్గింపు రద్దయ్యెను. ఆ విజయమును మన పల్లెలు మరువరాదు. గది చూపుటకు వెనుదీయని యజమాని వ్రాయుటకును వెనుదీయడు. వ్రాయుటకు వెనుదీయువానికడకు మన బిడ్డలను పంపకుండుటయే లాభము.

ఇండ్లలో పనికి పోవు స్త్రీల విషయము వేరుగా చెప్పవలెను. వారికి క్యాంపు లేదు. యజమాని యిల్లే వసతి. కొందరు వంటయింటి మూలను, సామానుల గదిలోను పడుకొనుచున్నారు. కువైటు 2015లో చేసిన 68వ సంఖ్య చట్టము ఇంటిపనివారికి తగిన వసతి ఈయవలెనని చెప్పుచున్నది; తగినదెట్టిదో ఒప్పందమున వ్రాయవలెను: లోపల గడియ వేసికొనదగిన ప్రత్యేకమైన గది, గాలి, ఫోను దగ్గర నుంచుకొను హక్కు. ఒక స్త్రీకి గడియ గల తలుపు ఎంత ధైర్యమో వేరుగ వివరింపనక్కరలేదు.

పదవ తరగతి ఉత్తీర్ణులై సంరక్షణాధికారి అనుమతి అక్కరలేకయే పోవువారికిని ఈ పత్రము వర్తింపవలెను; మేస్త్రీపనికి పోవువాడు పదవ తరగతి చదివినంతమాత్రమున అతని గది వెడల్పగునా? ఆజాద్ వీసా యని ఆశ చూపి పంపు ఏజెంట్లను తెలంగాణ, ఆంధ్ర పోలీసులు కఠినముగా శిక్షింపజేయవలెను. ఆ వీసాపై పోయినవాడు పని తానే వెదకుకొని, బెడ్ స్పేసు తానే అద్దెకు పట్టుకొని, తనిఖీ వచ్చిననాడు మూటాముల్లె సర్దుకొని వీధిన పడుచున్నాడు.

వలస చట్టమును మార్చుటకై కేంద్రప్రభుత్వము 2019లోను, 2021లోను ముసాయిదాలు ప్రకటించి ప్రజాభిప్రాయము కోరినది. రాబోవు ఆ కొత్త చట్టములో వసతిపత్రమునకు చోటు కల్పించుడని పార్లమెంటు సభ్యులనడుగుడు. ఓటడుగ వచ్చినవారిని ఈ ఒక్క మాటకు కట్టుబడుమనుడు. గ్రామపంచాయతీలు తీర్మానములు చేసి పంపవలెను. తెలంగాణ, ఆంధ్ర రాష్ట్రప్రభుత్వముల సంస్థలైన టామ్‌కామ్, ఏపీఎన్ఆర్‌టీలు చట్టముకొరకు వేచియుండక, తమ సహాయముతో పోవువారికి నేడే ఈ పద్ధతి నారంభింపవచ్చును. రాయబారకార్యాలయములలోని కార్మికవ్యవహారాధికారులు ఆ చిరునామాలకు పోయి చూచి రావలెను.

ఇక మీ యింటినుండి యెవ్వరైన బయలుదేరుచున్నచో, ఏజెంటునకు రూపాయి ఈయకమునుపే వసతి చిరునామా కాగితము మీద వ్రాయించుకొనుడు; ఆ క్యాంపులో నిప్పుడున్న మన ఊరివాడెవ్వడో విచారించి, గది ఫోటో తెప్పించుకొనుడు; ఒప్పందపు నకలొకటి ఇంటిలో భద్రముగా నుంచుడు. అక్కడ మాట తప్పినచో విదేశాంగశాఖవారి మదద్ పోర్టలునకు ఇంటినుండియే ఫిర్యాదు పెట్టవచ్చును. చిరునామా చెప్పని ఏజెంటును గుమ్మమునుండియే పంపివేయుడు.