తుపాకి ఘనత, గుండు గుణము

1936వ సంవత్సరంలో వెలువడిన రెండు రచనలు వేటను గూర్చి ఆలోచించే పాఠకుడు తప్పక చదువవలసినవి. ఒకటి బర్మాలో ఏనుగును కాల్చిన ఉదంతం మీద జార్జి ఆర్వెల్ వ్రాసిన వ్యాసం. రెండవది హెమింగ్వే వ్రాసిన ఫ్రాన్సిస్ మెకాంబర్ కథ. మొదటిదానిని సామ్రాజ్య విమర్శగాను, రెండవదానిని పిరికితనపు కథగాను బోధించడం పరిపాటి. అది తప్పు కాదు. కాని ఏ తుపాకి, అందులో ఏ గుండు అన్న వివరాన్ని ఆ రచయితలు ఊరక పెట్టలేదు. దానిని దాటివేసిన పాఠకుడు ఆ మృగాల బాధను కూడ దాటివేసినవాడే.

ఆర్వెల్ వ్యాసంలో మౌల్మీను పోలీసు అధికారి చేతిలో మొదట ఉన్నది 0.44 అంగుళపు పాత వించెస్టరు. అది ఏనుగుకు చాలదని ఎరిగి, ఆత్మరక్షణకై పెద్ద తుపాకి తెప్పిస్తాడు. ఆ తుపాకిని చూచిన తరువాతనే జనం వెంటబడతారు. కాల్చక తప్పని స్థితి కలుగుతుంది. తుపాకి మేలైనది, జర్మనీలో చేసినది. లోపించినది ఏనుగు మెదడు ఎక్కడ ఉంటుందన్న జ్ఞానం. చెవి రంధ్రానికి సూటిగా గురిపెట్టవలసినవాడు, మెదడు ఇంకా ముందుకు ఉంటుందని భ్రమించి చెవికి ముందు కాల్చినాడు. ఏనుగు కూలినది గాని ప్రాణం పోవడానికి అరగంట పట్టినదట. (దాని కాళ్ళ క్రింద పడి చచ్చిన కూలీ కోరంగివాడు. కాకినాడ దగ్గరి ఆ పాత రేవు పేరే బర్మాలో తెలుగు కూలీలకు జాతి పేరైనది. కోరంగి కూలీ కంటె ఏనుగు వెల ఎక్కువని ఆ వ్యాసంలో కుర్ర దొరలు వాదిస్తారు. ఆ మాట మన చెవికి మరొక విధంగా సోకుతుంది.)

ఏనుగు తల చూపులకు కొండవలె ఉన్నా, అందులో అధిక భాగం గాలి అరలతో తేనెపట్టును పోలిన ఎముక. మెదడు వెనుకగా, దిగువన ఉంటుంది. ఈ సంగతిని పుర్రెలను కోసి చూచి నేర్చుకొన్నవాడు స్కాట్లండు దేశీయుడు బెల్. అతడు ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగులను చంపినాడు. ఆ సంఖ్య నాకు గగుర్పాటు కలిగిస్తుందే గాని గౌరవం కలిగించదు. అయినా అందులో చాల భాగం 7 మిల్లీమీటర్ల చిన్న తుపాకితో, 173 గ్రెయిన్ల గట్టి గుండుతో జరిగినదన్నది ఆలోచించదగిన విషయం. బెల్‌ను చూచి చిన్న తుపాకి పట్టి ఏనుగు మీదికి పోవడం మాత్రం అవివేకం. అతనికి ఉన్న అభ్యాసం సామాన్య వేటగానికి లేదు.

అందుకే పెద్ద తుపాకులు పుట్టినవి. మాగ్నమ్ అన్నది లాటిను మాట, మన ‘మహత్’ శబ్దానికి తోబుట్టువు. ఇంగ్లీషువారు దానిని మొదట పెద్ద ద్రాక్షసారా సీసాకు వాడి, పిదప అధికంగా మందు పట్టే తూటాకు అంటగట్టినారు. (రెండు చోట్లా మన మాట ‘మందు’ చక్కగా అతుకుతుంది.) 1912లో హాలండ్ అండ్ హాలండ్ వారు ప్రవేశపెట్టిన 0.375 అంగుళపు మాగ్నమ్, 300 గ్రెయిన్ల గుండును సెకనుకు సుమారు 2,500 అడుగుల వేగంతో పంపుతుంది. ఏనుగుకు, అడవి దున్నకు నేటికీ అదే కనీసపు కొలత అని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ మాట నేను కాదనను.

నేను కాదనేది వేగం ఒక్కటే చాలునన్న విశ్వాసం. అమెరికా దేశీయుడు జాన్ నోస్లర్ 1946లో కెనడా అడవిలో 0.300 మాగ్నమ్‌తో ఒక పెద్ద మూస్ దుప్పిని కాల్చినాడు. గుండ్లు బురద పట్టిన చర్మం మీద, భుజపు కండ మీద పగిలిపోయినవే గాని లోపలికి పోలేదు. తుపాకి బలం చాలక కాదు, ఆ వేగానికి గుండు నిలువలేక. అతడు ఆలోచించి గుండు నడుమ రాగి లోహపు గోడ ఒకటి కట్టినాడు. ముందరి సీసం పుట్టగొడుగువలె విచ్చుకొంటుంది. వెనుకది చెదరక లోపలికి చొచ్చుకొనిపోతుంది.

హెమింగ్వే కథలో దీనికి విపర్యయం ఉన్నది. మెకాంబర్ సింహాన్ని 220 గ్రెయిన్ల గట్టి గుండుతో కాలుస్తాడు. ఎముకను ఛేదించి ఏనుగు మెదడును చేరవలసిన గుండు అది. పలుచని చర్మం గల సింహంలో అది విచ్చుకొనకుండ దూసుకొనిపోతుంది. పైగా తగిలినది డొక్కలో. సింహం గడ్డిలో దాగి, బాధతో కాచుకొని ఉంటుంది. గుండు తూకాన్ని సైతం రచయిత చెప్పడం అలంకారం కోసం కాదు.

విచ్చుకొనే గుండుకు పేరు తెచ్చినది మన కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధాగారం. 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో అటువంటి గుండ్లను క్రూరమైనవిగా ఎంచి నిరోధించినది. అడవిలో అదే గుండు దయ అనిపించుకొంటున్నది. ఇది పైకి విపరీతంగా తోచినా నాకు సబబుగానే కనబడుతుంది. గాయపడిన సైనికునికి ఆసుపత్రి కలదు. గాయపడిన మృగానికి పొద తప్ప మరేమీ లేదు.

1972 చట్టం తరువాత మన దేశంలో ఈ ఎన్నిక వినోదం కోరేవానికి లేదు, ఉండరాదు కూడ. ఆఫ్రికాలో, ఉత్తర అమెరికాలో చట్టబద్ధంగా వేటాడేవారు మాత్రం నేటికీ ఎన్నుకొనవలసియున్నది. భుజాన్ని కుదిపే మాగ్నమ్‌కు జంకి, మీట నొక్కకముందే కన్ను మూసేవాడు దుప్పి వంటి మృగానికి దానిని ఎత్తనే కూడదు. తాను స్థిరంగా కాల్చగల చిన్న తుపాకి, అందులో చెదరని గుండు ఆ మృగానికి మేలు.

ఇటీవల మరొక లెక్క వచ్చి చేరినది. చెదరిన సీసపు తునకలు వేటగాడు వదలిన పేగులలో మిగిలి, వాటిని తినే కాండార్ గద్దలకు విషమవుతున్నవి. అందుచేత కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుండి వేటకు సీసపు గుండ్లు నిషిద్ధం. రాగి గుండు సీసం కంటె గట్టిది. చాలినంత వేగం లేనిదే విచ్చుకొనదు. మాగ్నమ్ వేగానికి ఇక్కడ నిజమైన పని దొరికినది.