శిబిర సామగ్రి: అంగడికి ముందు ఇల్లు చూడుడు

ప్రతి సంవత్సరమును చలికాలపు సెలవులు సమీపించినప్పుడు మన పాఠశాలలో స్కౌటు శిబిరపు మాట పుట్టును. దాని వెంటనే సామగ్రి మాటయు పుట్టును. గత సంవత్సరము మేము పిల్లలచేత ఇండ్లకు పంపిన పట్టికలో పదునాలుగు వస్తువులుండెను. నిద్రసంచి, పెద్ద వీపుసంచి, క్రొత్త బూట్లు మొదలగునవన్నియు అందు చేర్చితిమి. పేరిచ్చిన పిల్లలలో కొందఱు మఱునాడు వచ్చి, ఇంట పనియున్నదని చెప్పి తమ పేళ్లు కొట్టివేయించుకొనిరి. వారికి పనియేమియు లేదనియు, ఆ పట్టికను తండ్రికి చూపుటకు మనసొప్పక అట్లు చెప్పిరనియు శిబిరము ముగిసిన పిదప తెలిసినది. ఆ తప్పు మాది. అందుచేత ఈ యేటి పట్టిక వ్రాయుటకు ముందుగా మా అభిప్రాయమును ఇచ్చట తెలుపుచున్నాము.

మొదటిసారి శిబిరమునకు పోవు బాలుడు గాని బాలిక గాని కొనవలసినది దాదాపు ఏమియు లేదు. ఇంటనున్నది మూటగట్టుకొనవలెను. లేనిది ఎరవు తెచ్చుకొనవలెను. పదిమందికి కలిసి కావలసినది పాఠశాలయే సమకూర్పవలెను. రెండు మూడు శిబిరములు చూచి, తనకు నిజముగా ఏది కొఱతయో తెలిసికొన్న పిదప ఒక్కొక్కటిగా కొనవచ్చును.

స్కౌటు ఉద్యమమునకు మూలమైన శిబిరమును బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో ఇంగ్లాండు దేశపు బ్రౌన్సీ ద్వీపమున నడిపెను. ఇంచుమించు ఇరువదిమంది బాలురు దానికి వచ్చిరి. సంపన్నుల పాఠశాలల బాలుర యొద్ద ఒక పౌను, అనగా ఇరువది షిల్లింగులు, సామాన్య కుటుంబముల బాలుర యొద్ద మూడున్నర షిల్లింగులు పుచ్చుకొనిరి. తరువాత వారందఱిని కలిపి దళములుగా విభజించిరి. ఇంటి స్థితినిబట్టి ఖర్చు, అందఱికి సమానముగా పని: ఈ పద్ధతి ఆ శిబిరముతోనే పుట్టినది. దానిని మేమే మఱచితిమి.

ఇక మన నేల, మన ఋతువు చూతము. కోసిగి ప్రాంతమున డిసెంబరు, జనవరి మాసములలో వాన అరుదు. చలిగాలియు రాత్రి మంచును ఉండును. కావున జడివానకు ఓర్చు వెలగల డేరా మనకు అక్కఱలేదు. ఒక టార్పాలిను పట్ట, రెండు వెదురు గడలు, గట్టి పగ్గము చాలును. చలి పైనుండి మాత్రమే కాక క్రిందినుండియు వచ్చును. పైన రెండు దుప్పట్లు కప్పుకొని, క్రింద పలుచని చాపపై పరుండువాడు తెల్లవార్లు వణకును. రెండు గోనెసంచులలో ఎండుగడ్డి కూరి పఱచుకొన్నవాడు సుఖముగా నిద్రించును. మన గొఱ్ఱెల కాపరులకు ఒక్క కంబళియే పడకయు, కప్పుకొను బట్టయు, వానకు గొప్పెయు నగుచున్నది. 1938లో మాచాని సోమప్పగారు నేతపనివారి సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరు మనకు పొరుగూరే. నేతదుప్పటి లేని యిల్లు ఈ సీమలో ఎచ్చటనున్నది?

ఒక సంగతి తలిదండ్రులతో వినయముగా మనవిచేయుచున్నాము. వానలు తప్పిన యేట మీలో అనేకులు గుంటూరు వైపు మిరపకోతకును పత్తి యేరుటకును సుగ్గికి పోయి, నెలల తరబడి పట్టల క్రింద కాపురముండుచున్నారు. మీకది వినోదము కాదు, బ్రతుకుతెరువు. అయినను ఏది మోయవలెను, ఏది విడువవలెను, గాలికి పట్ట లేవకుండ ఎట్లు కట్టవలెను అను విద్య పుస్తకములు చదివిన మాకంటె మీకు బాగుగా తెలియును. మిమ్ము అడుగక పట్టిక వ్రాయుట మా రెండవ తప్పు. ఈసారి శిబిరమునకు ముందు మీలో కొందఱు వచ్చి పిల్లలకు పట్టకట్టుట నేర్పవలెనని కోరుచున్నాము.

కొన్నిటియందు మాత్రము లోభము కూడదు. నీళ్ల సీసా కారనిదై యుండవలెను. టార్చిదీపము ప్రతివానికి ఉండవలెను. రేగడినేల నెఱియలలో తేళ్లు దాగును, పాములు చీకటిలో కనబడవు. చెప్పులు పాతవైనను గట్టివై యుండవలెను. క్రొత్తవి పాదములను ఒఱయును. డేరాలో కుంపటి పెట్టుట ఎన్నడును కూడదు. మూసిన చోట బొగ్గులనుండి వెలువడు విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

బరువును కూడ లెక్కింపవలెను. బడిసంచి పిల్లవాని శరీరపు బరువులో పదవవంతు మించరాదని 2020 నాటి ప్రభుత్వ విధానము చెప్పుచున్నది. మేము శిబిరపు మూటకును ఆ కొలతనే పాటింపదలచితిమి. నలువది కిలోల బాలునకు నాలుగు కిలోలు. అందు రెండు లీటర్ల నీళ్లకే రెండు కిలోలు పోవును. కనుక పట్టలు, వంటపాత్రలు, గోనెలు పాఠశాల సొత్తుగా నుండి బండిమీద రావలెను. పట్టల అంచులు కుట్టు పని చేతిపనుల తరగతిలో పిల్లలే చేయవచ్చును. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి జీవించెను. ఆ పని ఎవరికిని చిన్నతనము కాదు.

కలిగినవారు తమ బిడ్డకు మంచి వస్తువు కొనిన తప్పేమని అడుగవచ్చును. తప్పులేదు, కాని మొదటి శిబిరమునకు ముందు వలదు. అలవాటు లేనివాడు కొన్నదానిలో సగము అటుకెక్కును. పైగా ఒకని క్రొత్త నిద్రసంచి ప్రక్కవానికి తన గోనెను సిగ్గుపడదగిన వస్తువుగా చేయును. అప్పుచేసి పప్పుకూడు తినరాదను మన పెద్దల మాట ఇచ్చటను చెల్లును.

విద్యార్థులారా! శిబిరమునకు ముందు ఒక చలిరాత్రి మీ మిద్దెమీద మీ మూటతోనే పరుండి చూడుడు. ఏది కావలెనో ఆ రాత్రియే చెప్పును. శిబిరమునుండి వచ్చిన పిదప సామానును మూడు కుప్పలుగా పెట్టుడు: దినదినము వాడినవి, ఒకసారి వాడినవి, ముట్టనివి. మూడవ కుప్పను మఱుసటియేడు ఇంటనే విడువుడు. ఈ యేటి పట్టికలో ఆఱు వస్తువులే యుండును. వానిలో ఏదియైన మీ యింట లేనిచో మాతో చెప్పుడు. పేరు మాత్రము కొట్టివేయించుకొనకుడు.