కానుపు గదిలో నర్సుల శిక్షణము

కానుపైన వెంటనే రక్తస్రావము మితిమీరినచో, ఆరోగ్యవతియైన తల్లి సయితము రెండు గంటలలో ప్రాణము కోల్పోవచ్చును. భూపాలపల్లినుండి వరంగల్లు పెద్దాసుపత్రులకు సుమారు 70 కిలోమీటర్లు. గోదావరి తీరమందలి మహాదేవపూర్, పలిమెల గ్రామములవారికి దూరము మరింత యధికము. అంబులెన్సు వచ్చి గమ్యము చేరులోపల తల్లి చెంత నుండునది నర్సు. ఆమె చేతి నేర్పే ఆ తల్లికి ఆయువు.

2016లో జిల్లా యేర్పడినది. 2023లో వైద్య కళాశాల వెలసినది. మేమును సంతసించితిమి. కాని భవనములు కట్టినంతమాత్రమున రక్తము ఆగదు.

పోయిన రక్తమును కంటిచూపుతో నంచనా వేయుట ప్రమాదకరము. కొలత గీతలు గల సంచిని తల్లి క్రింద నమర్చినచో ఆపద ముందే తెలియును. తెలిసిన తక్షణమే గర్భాశయమును మర్దించుట, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆసిడ్ మందుల నిచ్చుట, సెలైను ఎక్కించుట, రక్తము ఎచ్చటనుండి వచ్చుచున్నదో పరీక్షించుట ఏకకాలమున జరుగవలెను. ఈ పద్ధతిని నాలుగు ఆఫ్రికా దేశముల ఆసుపత్రులలో రెండు లక్షలకు పైబడిన కానుపులలో పరిశీలింపగా, తీవ్ర రక్తస్రావపు ఆపదలు నూటికి 60 వంతులు తగ్గినట్లు 2023లో వెల్లడియైనది. కానుపువేళ మూర్ఛలు వచ్చినపుడు మెగ్నీషియం సల్ఫేటు నిచ్చుట, ఊపిరి తీయని శిశువునకు మొదటి నిమిషముననే సంచి, మాస్కులతో గాలి నందించుట యును ఇట్టి విద్యలే. ఇవి ఉపన్యాసము వినుటచే రావు. బొమ్మపై పలుమారు సాధన చేసిననే చేతికి వచ్చును.

2018-20 లెక్కలనుబట్టి లక్ష కానుపులకు దేశమున 97 మంది తల్లులు మరణింపగా తెలంగాణమున 43 మంది. ఇంక చింత యేల యని కొందరందురు. ఆ 43 ఇండ్లలో తల్లిలేని పసిబిడ్డల కీ మాట చెప్పగలమా? 2017లో కరీంనగరమున నర్సులకు 18 నెలల ప్రసూతి శిక్షణము ప్రారంభించిన రాష్ట్రమిది. దారి తెలియనిది కాదు.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి కానుపు గదిలోను నెలకొక పర్యాయమైనను, రాత్రి విధులవారితో సహా, అందరు కలిసి సాధన చేయవలెను. మందులు తాళములో గాక చేతి కందునట్లుండవలెను. వైద్యుడు వచ్చువరకు చికిత్స నారంభించు అధికారము నర్సునకు స్పష్టముగ వ్రాసి యీయవలెను. శిక్షణ పొందినవారిని వేరు వార్డులకు మార్చరాదు.

పఠన మందిరములలో దీనిని చదువు సోదరులారా! మీ యూరి ఆసుపత్రిలో కడపటి సాధన ఎన్నడు జరిగినదో వెళ్లి యడుగుడు. అడుగువారున్న చోటనే పని జరుగును.