అడవికి కావలి

అడవికి పులియు, పులికి అడవియు రక్షయని విదురుడు ధృతరాష్ట్రునకు బోధించిన నీతి మనకు క్రొత్తది కాదు. అయితే ఆ మాట విన్నపుడెల్ల మన తలపునకు వచ్చువాడు గొడ్డలి పట్టిన మనుష్యుడే గాని, కొమ్మపై కూర్చుండి నెమ్మదిగా ఆకు నములుచుండు సాధుప్రాణి కాదు. ఆ సాధుప్రాణి నుండియు అడవికి కావలి యవసరమేనని నా నిశ్చితాభిప్రాయము.

ఆకు తిని బ్రదుకుట యెంత కష్టజీవనమో యెరుగవలెనన్న దక్షిణామెరికా వర్షారణ్యములలోని స్లాత్ అను జంతువును చూడవలెను. ఆకులో పీచు మిక్కుటము, సత్తువ స్వల్పము. చాలనందులకు చెట్టు తన రక్షణకై దాచుకొన్న విషములును పెక్కింటిలో కలవు. కావున కొక్కెములవంటి గోళ్లతో కొమ్మను పట్టి వ్రేలాడు ఈ జీవి, తిన్నది అరుగుటకు దినముల తరబడి వేచియుండి, కదలికయందు సైతము లోభివలె మెలగును. దాని తడి బొచ్చులో పచ్చని నాచు పెరుగును. మూడుగోళ్ల జాతివి రమారమి వారమున కొకమారు మలవిసర్జనకై చెట్టు దిగును. బొచ్చులో కాపురముండు చిన్న రెక్కపురుగులు ఆ మలములో గ్రుడ్లు పెట్టును. ఇట్లు ఆకులోని సూర్యశక్తి మెల్లమెల్లగా మాంసమగుచుండగా, ఒకనాడు హార్పీ గ్రద్ద వాలి ఆ జంతువును కొమ్మనుండి పెరికి గూటికి గొనిపోవును. దీనిని క్రూరమనువారు కలరు, నేనట్లనజాలను.

ఏల అనగా, అట్టి వేటగాండ్రు లేని అడవి గతి యెట్లుండునో వెనిజులాలో కనబడినది. అచట కరోనీ నదిపై గూరి ఆనకట్ట పని 1986లో ముగిసి, నాలుగువేల చదరపు కిలోమీటర్లకు పైబడిన జలాశయము పరచుకొనగా, కొండల నెత్తములు ద్వీపములై మిగిలినవి. అచటిది కొంతకాలము ఆకు రాల్చు అడవియే గాని వర్షారణ్యము కాదు. అయినను పాఠము రెంటికి నొక్కటియే. చిన్న ద్వీపములలో జాగ్వారుకు, ప్యూమాకు, హార్పీ గ్రద్దకు నిలువ నీడ లేకపోయెను. జీవావరణ శాస్త్రజ్ఞుడగు జాన్ టెర్బోర్గ్ సహచరులతో అచట పరిశోధించి 2001లో 'సైన్స్' పత్రికలో ప్రకటించిన ఫలితములు నన్ను కలచివేసినవి: ఎలుకజాతులు, హౌలర్ కోతులు, ఇగ్వానాలు, ఆకుకోత చీమలు పొరుగు గట్టునకంటె పది మొదలు నూరు రెట్లు దట్టముగా నున్నవి, చెట్ల మొలకలును లేమొక్కలును దారుణముగా క్షీణించినవి.

వీనిలో చీమల చర్య మిక్కిలి విచిత్రము. తన దేహమును మించిన ఆకు తునకను గొడుగువలె ఎత్తిపట్టి బారుగా నడచు ఆ చీమ, దానిని తన తిండికై తేదు. పుట్టలోని గదులలో నమిలి మెత్తజేసి, దానిపై బూజును సేద్యము చేసి, ఆ బూజుతో పిల్లలను పోషించును. ఇంత నేర్పుగల సేద్యమునకు సైతము, పుట్టలు త్రవ్వు ఆర్మడిల్లోయు, దండెత్తివచ్చు దండుచీమయు హద్దు చూపవలసియున్నది.

పడవలో పోవువానికి ఆ ద్వీపము దూరమునుండి అడవివలెనే కనబడును. ముసలిచెట్లు పచ్చగనే నిలిచియుండును. వాని క్రింద వంశము నిలుపవలసిన మొక్కలు మాత్రము అరుదు. జలాశయములకు పథకములు వేయు పెద్దలకు నా విన్నప మొక్కటే: మునుగక మిగిలిన పచ్చని నేలను అడవి లెక్కలో వ్రాయుటకు మునుపు, అచట వేటాడు మృగమునకు చోటు చాలునో చాలదో విచారింపుడు.