సీసపు కళ్ళ చేపపిల్ల

శనాదివారాలు లాప్‌టాప్ మూసేసి గాలం పట్టుకునే సాఫ్ట్‌వేర్ జనాలు నాకు తెలిసినవాళ్ళలోనే నలుగురైదుగురు తేలారు. అందరివీ ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు చుట్టుపక్కల ఊళ్ళే. పండక్కి ఇంటికెళ్తూ బట్టల బ్యాగుతోపాటు రాడ్డు, రీలు, ఓ చిన్న ప్లాస్టిక్ డబ్బా కూడా సర్దుకుంటారు. మంచిదే. ఇంటికెళ్ళి కూడా ఆఫీసు కాల్స్‌లో కూర్చునేకంటే కాలవగట్టు మీద కూర్చోడం వెయ్యిరెట్లు నయం. నా గోలల్లా ఆ డబ్బాలో ఉన్న సీసం గురించి.

ఈ సరదా లేనివాళ్ళ కోసం కాస్త వివరం. మన గాలానికి వానపామో, పిండి ముద్దో, కప్పపిల్లో గుచ్చుతాం. ఫ్లై ఫిషింగ్‌లో అవేమీ ఉండవు. ముల్లుకే వెంట్రుకలు, ఈకలు, మెరిసే పోగులు కట్టి ఎరలా కనిపించేటట్టు చేస్తారు. పురుగులా కాకుండా ఈదే చేపపిల్లలా కనిపించేలా కడితే దాన్ని స్ట్రీమర్ అంటారు. వీటిల్లో బాగా పేరున్నది క్లౌజర్ మిన్నో. 1987లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ అనే ఆయన సస్క్విహానా నదిలో బాస్ చేపల కోసం కట్టింది.

దీని కిటుకంతా కళ్ళలో ఉంది. డంబెల్ ఆకారంలో రెండు బరువైన గుళ్ళని ముల్లు కాడకి పైవైపున కడతారు. ఆ బరువుకి ఫ్లై నీళ్ళలో తిరగబడి, ముల్లు మొన పైకి తిరుగుతుంది. తాడు లాగితే చేపపిల్ల ముందుకి పరిగెడుతుంది, ఆపితే తల కిందికి వాలుస్తుంది. దెబ్బతిన్న పరిగెపిల్ల అచ్చం అలాగే ఈదుతుంది. వేటాడే చేపకి ఇంతకంటే ఆహ్వానం ఏం కావాలి?

ఇది మన నీళ్ళకి కొలిచి కుట్టినట్టుంటుంది. గుర్రపుడెక్క, కిక్కిస, నాచు ఉన్నచోట మామూలు ముల్లు అడుగుని పట్టుకుని వదలదు. మొన పైకి ఉంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ఆ గడ్డి పక్కనే కొర్రమీను మాటేసుకుని ఉంటుంది. వాలుగ చిన్నచేపల్ని తిని బతికేదే. సముద్రం నుంచి ఉప్పుటేరులోకి వచ్చే పండుగప్ప సంగతి చెప్పక్కర్లేదు.

కట్టడానికి విదేశీ సామాను కూడా అక్కర్లేదు. ముల్లు కాడ మీద దారం చుట్టి, తాడు కట్టే రింగుకి కొంచెం వెనగ్గా కళ్ళ జత పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో అటూ ఇటూ దారం బిగించి, ఒక చుక్క ఫెవిక్విక్ వెయ్యాలి. కళ్ళున్న వైపున తెల్ల మేక వెంట్రుకలు సన్నటి కట్టగా, కాడకి రెండింతలో మూడింతలో పొడుగుండేలా కట్టాలి. అది చేప పొట్ట. ముల్లుని తిరగేసి రెండోవైపున చీరంచుల్లోంచి తీసిన జరీ పోగులు నాలుగు, వాటి మీద నల్ల మేక వెంట్రుకలు కట్టాలి. అది వీపు, ముల్లు మొనని కప్పేది కూడా అదే. అమెరికావాళ్ళు జింక తోక వెంట్రుకలు వాడతారు. ఇక్కడ దుప్పి వెంట్రుకల కోసం వెతక్కండి, వన్యప్రాణి చట్టంతో మనకెందుకు? మేక చాలు. సంక్రాంతి పందేలయ్యాక పుంజుల మెడ ఈకలకీ మన జిల్లాల్లో కరువుండదు :)

మిగిలింది బరువు. సీసం చవక, మెత్తన, బరువు. అందుకే అందరూ దాన్నే వాడతారు. కొందరైతే పాత బ్యాటరీల్లో సీసం తీసి ఇంట్లోనే గరిటెలో కరిగించి గుళ్ళు పోస్తారు. పిల్లలు తిరిగే ఇంట్లో ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. రక్తంలో ఇంతవరకూ ఉంటే ఫరవాలేదు అని చెప్పగల సీసం మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

నీళ్ళలో తెగిపోయిన గుండు సంగతి ఇంకోరకం. పక్షులకి పళ్ళుండవు కదా. బాతుల్లాంటివి చిన్నచిన్న రాళ్ళు మింగి, వాటితో గింజల్ని కడుపులో నూరుకుంటాయి. సీసపు గుండు కూడా వాటికి రాయిలాగే కనిపిస్తుంది. కడుపులో అది అరిగి, ఆమ్లంలో కరిగి, రక్తంలోకి ఎక్కుతుంది. పక్షి తిండి అరగక, రెక్క ఎత్తలేక, రోజుల తరబడి చిక్కి చచ్చిపోతుంది. చేపల్ని మింగే పక్షులైతే తెగిన తాడుతో తిరుగుతున్న చేపతోపాటు బరువునీ మింగుతాయి. బ్రిటన్‌లో హంసలు ఇలా చచ్చిపోతుంటే, గాలం తాడుకి బిగించే చిన్న సీసపు గుళ్ళని నిషేధించారు. అదీ 1987లోనే! ఆ తర్వాత అక్కడ హంసలు మళ్ళీ పెరిగాయి. అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం 2000 నుంచి అదే దారి పట్టింది.

ఇప్పుడు మన కొల్లేరుకి రండి. 1999లో అభయారణ్యం అయ్యింది, 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. ఆటపాకలో గూడబాతులు, అదేనండీ పెలికాన్లు, గూళ్ళు పెట్టుకుంటాయి. చలికాలంలో వలస బాతులు దిగుతాయి. వాటికి అభయారణ్యం హద్దు తెలీదు. పక్క చెరువుల్లోనూ కాలవల్లోనూ మేస్తాయి. "నేను సరస్సులో వెయ్యట్లేదు, ఏలూరు కాలవలోనే వేస్తున్నా" అంటే కుదరదు.

మీరు అనబోయేది నాకు తెలుసు. కొల్లేటిని చేపల చెరువులు మింగేశాయి, 2006లో ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేయాల్సి వచ్చింది, మురుగు, మందులు అన్నీ దాంట్లోకే పోతున్నాయి, మధ్యలో నా గ్రాము సీసంతో వచ్చే నష్టమేంటి అని. నిజమే, కొల్లేరు జబ్బుల్లో ఇది పెద్దది కాదు. కానీ మిగతా జబ్బులకి కోర్టులు, కమిటీలు, వేలమంది బతుకుతెరువు అడ్డమొస్తాయి. దీనికి ఎవరి కూడూ పోదు. ఇంకో మాట కూడా వస్తుంది: జాలర్ల వలలకీ సీసమే కడతారుగా అని. విసురు వల వేసినవాడు దాన్ని తిరిగి లాక్కుంటాడు, అది వాడి పెట్టుబడి. మన ఫ్లై కొమ్మకి చిక్కితే తాడు తెంపేసి డబ్బాలోంచి ఇంకోటి తీస్తాం. వాడిది జీవనం, మనది సరదా. ముందు మానుకోవాల్సింది ఎవరు?

పైగా లెక్క మనవైపే ఉంది. సీసం సాంద్రత 11.3, ఇత్తడి సుమారు 8.5. అంటే అదే బరువు రావాలంటే ఇత్తడి పూస అడ్డకొలత 10 శాతం పెరిగితే చాలు. 4 మిల్లీమీటర్ల సీసపు గుండుకి బదులు 4.4 మిల్లీమీటర్ల ఇత్తడి పూస. రంధ్రం వదిలేసి లెక్కేస్తే రెండు జతలూ ముప్పావు గ్రామే. స్టీలైతే 4.5. రెండు పూసల్లోంచి సన్నటి తీగ దూర్చి, మధ్యలో కాస్త ఖాళీ వదిలి, చివర్లు మెలితిప్పితే కళ్ళు తయారు. అంత బరువు అక్కర్లేని లోతు తక్కువ నీళ్ళకి వాష్‌బేసిన్ బిరడాకుండే గుళ్ళ గొలుసు కత్తిరించి వాడొచ్చు. అది లోపల బోలు కాబట్టి నిదానంగా మునుగుతుంది. గడ్డి పక్కన కొర్రమీనుకి కావాల్సింది అదే. డబ్బులు ఎక్కువున్నవాళ్ళకి టంగ్‌స్టన్ ఉంది, సాంద్రత 19.3.

మన వృత్తిలో ఇది కొత్తేం కాదు. యూరప్ రోస్ నిబంధనలు 2006 జూలై 1న అమల్లోకి వచ్చాక ఎలక్ట్రానిక్ కంపెనీలు సర్క్యూట్ బోర్డుల్లో సీసం లేని సోల్డర్‌కి మారాయి. కొత్త సోల్డర్ ఎక్కువ వేడిమీదగానీ కరగదు, ఫ్యాక్టరీలే మార్చుకోవాల్సి వచ్చింది. అయినా కుదిరింది. మనం మార్చాల్సింది రెండు పూసలు.

ఏలూరువాళ్ళకి సీసం గురించి పాఠం అక్కర్లేదు కూడా. 2020 డిసెంబరులో ఊళ్ళో వందలమంది మూర్ఛలొచ్చి ఆసుపత్రికి చేరినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ మొదట పరీక్షించిన రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని చెప్పారు. తర్వాత అనుమానం పురుగుమందుల వైపు మళ్ళింది. కారణం ఏదైనా, ఆ వారమంతా తాగే నీళ్ళని చూసి భయపడిన ఊరు అది. మనకి ఆ పరీక్ష చెయ్యడానికి ఎయిమ్స్ ఉంది. గూడబాతుకి ఎవరున్నారు?

కాబట్టి ఈసారి ఊరెళ్ళేముందు డబ్బా తెరిచి సీసం గుళ్ళు, సీసపు కళ్ళ ఫ్లైలు ఏరెయ్యండి. ఏరినవి కాలవలో పారబోయకుండా పాత బ్యాటరీలు కొనేవాడికి ఇచ్చేయండి. గవర్నమెంటు జీవో వచ్చేదాకా ఆగాల్సినంత పెద్ద పనేం కాదిది. సంక్రాంతికి ఇంకెన్నాళ్ళో లేదు, ఇత్తడి పూసలు కొనడానికి ఒక సాయంత్రం చాలు.